మత్తు డాక్టరు

వసుమతి పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలగానే ఆమె భర్త కృష్ణమోహన్ ముందుగా ఫోన్ చేసింది ఆదిశేషుకే. ఎనభైల మొదట్లో షామ్‌బర్గ్ ఊళ్ళో తెలుగువాళ్ళకి తెలిసిన మత్తు డాక్టరు ఆయనొక్కడే. ఆపరేషన్ రోజు ఆమె స్ట్రెచర్ మీంచి భయంగా చెయ్యి చాపితే పట్టుకుని, "నేనున్నానుగా చెల్లాయ్! కళ్ళు మూసి తెరిచేసరికి అయిపోతుంది" అన్నాడు.

అప్పటికే ఆమెకి ఇవ్వాల్సిన నొప్పిమందు డాక్టర్ విట్లాక్ నరాల్లో ఉంది.

ఆమెకి ఆపరేషన్ చెయ్యబోయే విట్లాక్ పేరుమోసిన సర్జన్. ఆదిశేషుకి ఉద్యోగం ఇప్పించిందీ, గ్రీన్ కార్డుకి అండగా నిలిచిందీ ఆయనే. మొదట్లో వెన్నునొప్పని ఒక్క సూది అడిగాడు. తర్వాత అడగడం మానేసి చొక్కా చెయ్యి పైకి మడవడం మొదలుపెట్టాడు. ఆదిశేషు రోగుల వంతు ఆయనకిచ్చి, వాళ్ళ సిరంజిలో ఉప్పునీళ్ళు నింపేవాడు. మత్తు గ్యాస్ ఉందిగా, వీళ్ళకేం తెలుస్తుందిలే అనుకునేవాడు. ఒళ్ళు కదలకుండా చేసే మందు మాత్రం ఏ రోజూ తగ్గించలేదు. రోగి కదిలితే గుట్టు రట్టవుతుంది.

కత్తి దిగగానే వసుమతి గుండె పరుగందుకుంది. కళ్ళకి అంటించిన టేపు కిందనుంచి నీళ్ళు కారాయి. ఆదిశేషుకి అర్థమైంది. గ్యాస్ మరీ పెంచితే, ఇచ్చిన మందు ఏమైందని నర్సు అడుగుతుంది. అందుకని కాస్త పెంచి, దూదితో ఆమె చెంపలు తుడిచాడు.

మర్నాడు భర్త ఎదుటే ఆమె అంది: "మీరు నా కన్నీళ్ళు తుడిచారు అన్నయ్యగారూ. కోస్తుంటే నాకు తెలిసింది. అరుద్దామంటే నోరు కదల్లేదు."

ఆదిశేషు నవ్వాడు. "మత్తులో అలాంటి కలలు మామూలేనమ్మా."

కృష్ణమోహన్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆమె నిద్రపోవడం మానేసింది. చాకు చూస్తే వణికేది. కనిపించిన ప్రతివాళ్ళకీ అదే చెప్పేది. వాళ్ళు తల తిప్పుకునేవారు.

"వసుమతికి మతి తప్పిందండీ, పాపం. మీ గురించి ఏమంటోందో విన్నారా?" అంది ఆదిశేషు భార్య కామేశ్వరి.

"జబ్బు మాట్లాడిస్తోంది" అన్నాడాయన. సైకియాట్రిస్టు పేరు కృష్ణమోహన్‌కి తనే చెప్పాడు. ఎన్ని మాత్రలిచ్చినా ఆమె మాట మార్చలేదు. మార్చనందుకే మానసిక రోగుల వార్డులో పెట్టారు.

ఒక సాయంత్రం కృష్ణమోహన్ వచ్చాడు. "షాక్ ట్రీట్‌మెంట్ ఇవ్వాలంటున్నారు. దానికి మత్తివ్వాలట. తెలిసినవాళ్ళు పక్కనుంటే తనకి ధైర్యం. మీరే రండి, ప్లీజ్."

కాదంటే అనుమానిస్తాడని ఆదిశేషు ఒప్పుకున్నాడు.

ఆమె కాళ్ళూ చేతులూ బెల్టులతో కట్టి ఉన్నాయి. ఆయన్ని చూడగానే దుప్పటి తడిసిపోయింది. అరవలేదు. చాలా మెల్లగా, బతిమాలుతూ అంది: "అన్నయ్యగారూ, అది కలేనని ఒప్పుకుంటాను. అందరికీ అలాగే చెప్తాను. ఈసారి మాత్రం నిజంగా నిద్రపుచ్చండి."

ఆదిశేషు చేతిలోని సిరంజిని ట్రేలో పడేసి బెల్టులు విప్పడం మొదలుపెట్టాడు. "ఈమెకి పిచ్చి లేదు. ఆ రోజు ఈమె మెలకువగానే ఉంది. నేనిచ్చింది ఉప్పునీళ్ళు. ఈమె మందు విట్లాక్‌కిచ్చాను" అని ఇంగ్లీషులో గదంతటికీ వినబడేలా చెప్పాడు.

విట్లాక్ తనకేమీ తెలియదన్నాడు. ఆస్పత్రి ఆయన్ని సెలవు మీద పంపింది. కొన్నాళ్ళకి మరో రాష్ట్రంలో మళ్ళీ కత్తి పట్టాడు. ఆదిశేషుకి లైసెన్సు పోయింది, జైలు పడింది. కామేశ్వరి పిల్లల్ని తీసుకుని జార్జియాలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. కోర్టు వరండాలో కృష్ణమోహన్ ఆయన మొహాన ఉమ్మేశాడు.

ఆదిశేషు జైలు నుంచి వచ్చాక వసుమతి ఆయనకి కబురు పెట్టింది. తలుపు తీసిన కృష్ణమోహన్ వెనక్కి తిరిగి మేడ మీదకి వెళ్ళిపోయాడు.

"నన్ను క్షమించమని..." అంటూ మొదలుపెట్టాడు ఆదిశేషు.

"అది అడక్కండి. కూర్చోండి. నేను చెప్తాను, మీరు వినండి."

కత్తి మొదట ఎక్కడ దిగిందో చెప్పింది. పక్కటెముకల కింద చెయ్యి పెట్టి లాగినప్పుడు ఎలా ఉందో, అప్పుడు విట్లాక్ ఏ జోకు వేశాడో, దానికి ఎవరెవరు నవ్వారో చెప్పింది. ఆ నవ్వుల్లో ఆదిశేషుదీ ఉంది. ఆయన చెవులు మూసుకున్నాడు.

"చేతులు తియ్యండి" అంది.

తీశాడు. కాఫీ లేదు, మంచినీళ్ళు లేవు. ఆమె గొంతు బొంగురుపోయేదాకా విన్నాడు.

"కుట్లు వేసింది ఇంకా చెప్పలేదు. ఆదివారం రండి" అంది ఆమె లేస్తూ.

ఆదివారం వెళ్ళాడు.