పళ్ళు రాని దవడలు

క్రేఫిష్ అనే మంచినీటి రొయ్యజాతి పిల్లలు ఇంకా తల్లి తోక కిందే వేలాడుతున్నాయి. రొయ్యల హేచరీలో తలపండిన సూపర్‌వైజరు, వాటిని విడదీసి మేత వేయమని మరదలికి చెప్పాడు. ఆమె భూతద్దంలో చూసింది.

"దవడలకి పళ్ళే రాలేదు బావా. ఒంట్లో మిగిలిన గుడ్డుసొనతోనే బతుకుతున్నాయి. ఇంకోసారి పెంకు విడిచాకే పళ్ళొస్తాయి, అందాకా ఉండనీ."

"నాకే పాఠాలా? పని కావాలా, వద్దా?"

పని కావాలి. విడదీసింది. తినే నోళ్ళు లేక మేత కుళ్ళింది, పిల్లలన్నీ చచ్చాయి.

యజమాని నిలదీశాడు.

"మేత ఎక్కువేసింది సార్. చెప్తే వినదు" అన్నాడు బావ.

నిజం చెబితే అతని పని పోతుంది. అక్క పిల్లలు పస్తులుంటారు.

"అవును సార్, నాదే తప్పు" అంది.

ఆమె పని పోయింది. బావ గేటుదాకా వచ్చాడు. "సాయంత్రం ఇంటికి రా, భోంచేద్దువుగాని" అన్నాడు. ఎంత పెద్ద మనసో.