కోరల్ బండికి తడి దుప్పట్లు

ఇక్కడ ఎండలు ముదిరే నవంబరు వచ్చేసరికి లాంగ్‌రీచ్ దగ్గర నది ఒడ్డున మేం ఇల్లుగా చేసుకున్న రెండు వ్యాన్లే మిగిలాయి. చలికాలమంతా ఇక్కడ గడిపే ముసలివాళ్లు సెప్టెంబరులోనే దక్షిణానికి దిగిపోయారు. కాస్త దూరంలో డెస్ ఉన్నాడు. ఒకప్పుడు ఊరూరా తిరిగి గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు. అతని బండిలో ఏసీ ఉంది కాబట్టి అతన్ని మాలో లెక్కపెట్టేదాన్ని కాదు.

మేమంటే నేనూ, కోరలూ. ఆరేళ్లుగా చెరో వ్యాన్ వేసుకుని కలిసి తిరుగుతున్నాం. ఈసారి తిరుగుడు అయ్యాక కోరల్ తన వ్యాన్ అమ్మేసి, కొండ మీది టూవూంబాలో చెల్లెలి ఇంటికి చేరబోతోంది. మోకాళ్లు ఇక క్లచ్ తొక్కనివ్వడం లేదు. ఎప్పుడు వెళ్తావని అడిగితే, "ఎండకి ఓర్చుకోలేని రోజు వస్తుందిగా గ్లెనిస్, అప్పుడు చూద్దాంలే" అంది.

ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. అలాంటి రోజు రాకుండా చూస్తే సరి.

తెల్లవారుతూనే రెండు వ్యాన్ల తలుపులూ బార్లా తీసి లోపల చల్లగాలి నింపేదాన్ని. ఏడింటికల్లా అన్నీ మూసి, అద్దాలకు వెండి రంగు అట్టలు బయటివైపు కట్టేదాన్ని. లోపల కడితే లాభం లేదు, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. మధ్యాహ్నం చెట్టు నీడ జరిగితే రెండు బండ్లనూ దానితోపాటు జరిపేదాన్ని. పొయ్యి వెలిగించేది బయటే. చాలా రోజులు పొయ్యి కూడా లేదు, బ్రెడ్డు మధ్య చల్లటి మాంసమూ డబ్బాలోని బీట్‌రూట్ ముక్కలూ పెట్టుకుని తినేవాళ్లం. మధ్యాహ్నం పడమటి గాలి లేవగానే పక్క తలుపు తీసి, తడి దుప్పటి వేలాడదీసి, దాని కింది అంచు నీళ్ల బకెట్లో ఉంచేదాన్ని. ఆ ఉపాయం ఒక పాత పుస్తకంలో దొరికింది. నా బండికి ఒక దుప్పటి, కోరల్ బండికి రెండు.

డెస్ రోజూ నీళ్ల క్యాన్లు మోసుకొచ్చేవాడు.

"ఏం ఆడవాళ్లూ, ఇంకా ఉడకలేదా? నంజుకోడానికి సాస్ కూడా తెచ్చుకున్నాను."

"నీ పెట్టుడు పళ్లకి మేం ఇంకా మెత్తబడలేదులే, పోయి రేపు రా" అంది కోరల్.

"బయట నలభై మూడు. మీకు బుర్రలు పనిచేస్తున్నాయా అసలు?"

"లోపల ముప్పై నాలుగే. తల పెట్టి చూడు" అన్నాను, ఉష్ణమాపకం అతని ముక్కు దగ్గర పెట్టి.

"మా గ్లెనిస్ ఉండగా నాకు ఏసీ ఎందుకోయ్?" అంది కోరల్. ఆ మాటతో నాకు ఇంకో వారం గెలిచినట్టనిపించింది.

నాకు మనుషుల్ని సాగనంపడం రాదు. మా ఆయన రాన్ ఆసుపత్రికి బయల్దేరిన రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. "వెళ్లొస్తా" అంటే, నోట్లో క్లిప్పు పెట్టుకునే "ఊ" అన్నాను. అతనికి నా నుంచి దక్కిన చివరి మాట అదే. అప్పటి నుంచి ఎవరు బయల్దేరుతున్నా ఏదో ఒక పని కల్పించి వాళ్లను ఆపుతూ ఉంటాను.

నవంబరు మూడో వారంలో ఒక రోజు పడమటి గాలి లేవలేదు. ఈశాన్యాన మబ్బులు పేరుకున్నాయి. ఒంటి మీద చెమట ఆరకుండా జారుతోంది. ఉక్కగా ఉంది కదా అని కోరల్ బండికి మూడో దుప్పటి కూడా తడిపి కట్టాను. వెనక కిటికీని కూడా వదల్లేదు.

రెండింటికి, "టీ తాగుతావా?" అని బయట నుంచి కేకేశాను.

"తలుపు తియ్యవే పెగ్గీ, అమ్మ పిలుస్తోంది" అంది లోపలి నుంచి.

పెగ్గీ ఆమె చెల్లెలు. దుప్పటి లాగేస్తే లోపల లాండ్రీలో ఉన్నట్టు ఆవిరి. కోరల్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది, కళ్లు నన్ను గుర్తుపట్టలేదు. డెస్‌ను పిలవడానికి పరుగెత్తాను. నా వయసులో పరుగెత్తడం ఏమిటో ఆ ఇసుకకే తెలుసు.

అతను ఆమెను తన బండిలోకి ఎత్తుకుపోయాడు. అంబులెన్స్ వచ్చేలోగా మెడకూ చంకలకూ ఐసు పెడుతూ నన్ను తిట్టాడు. "గాలే తడిగా ఉన్నప్పుడు నీ దుప్పటి ఎట్లా ఆరుతుంది? ఆరకపోతే చల్లదనం ఎక్కడిది? ఆమెకి ఆవిరి పట్టావు గ్లెనిస్!"

పుస్తకంలో ఆ సంగతి ఉందో లేదో నాకు తెలియదు. నాకు కావలసిన పేజీ వరకే చదివాను.

ఆసుపత్రిలో రెండో రోజుకు కోరల్ నన్ను గుర్తుపట్టింది. ఆ చల్లటి గదిలో నాకే వణుకు పుట్టింది.

"ముందు నుంచే బాగోలేదా నీకు?"

"వారం పైనే అయింది. కళ్లు తిరుగుతూనే ఉన్నాయి."

"చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? నువ్వు పొద్దస్తమానం బకెట్లు మోస్తుంటే, నేను పోతానని ఎట్లా అనను?" దుప్పటి అంచు మడతలు పెడుతూ అంది, "నువ్వే పొమ్మంటావేమోనని చూశాను."

మంచినీళ్ల జగ్గు నింపడానికి లేచి, మళ్లీ కూర్చున్నాను. అది నిండుగానే ఉంది.

"వెళ్లు కోరల్" అన్నాను. "డెస్ రేపు తూర్పుకే పోతున్నాడట. అతని బండిలో చల్లగా పడుకుని వెళ్లు. నీ వ్యాన్ అమ్మే సంగతి ఇక్కడ నేను చూసుకుంటాను."

"అతని పాటలు వింటూ పదకొండు వందల కిలోమీటర్లా? అంతకంటే నీ ఆవిరే నయం!"

నవ్వబోయి ఇద్దరం ఏడ్చాం.

మర్నాడు ఉదయం ఆసుపత్రి గేటు దగ్గర ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "జాగ్రత్త, చేరగానే ఫోన్ చెయ్యి" అని పూర్తిగా చెప్పాను. ఆమె కూడా ఏదో అంది. డెస్ హారన్ కొట్టడంతో వినబడలేదు. మళ్లీ చెప్పమని ఆపలేదు.

కోరల్ వ్యాన్ కొనేవాడు దొరికాక నేనూ బయల్దేరాను. అద్దాలన్నీ దించేశాను. బండి కదులుతున్నంతసేపూ లోపల గాలి ఆడుతూ చల్లగానే ఉంది. దారిలో నీడ ఉన్న చోట్లు మూడు కనిపించాయి. ఒక్క చోట కూడా ఆపలేదు.