వైన్స్ తాళం

నేను ఒక ఇత్తడి తాళాన్ని. ఎన్ని వేలసార్లు మూసుకున్నానో నాకే గుర్తులేదు గానీ, ఇప్పుడు నన్నే ఒక ఇనుప బీరువాలో పడేసి దానికి ఇంకో తాళం వేశారు. నవ్వితే నవ్వండి. నాకైతే ఏడుపొస్తోంది.

పుట్టింది అలీగఢ్‌లో. నన్ను చేసిన ముసలాయన ఆకురాయితో నా అంచులు రుద్ది, తాళంచెవి పెట్టి తిప్పి చూసి, "పక్కా" అన్నాడు. ఆ ఒక్క పొగడ్తతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. గోనెసంచిలో రైలెక్కి వరంగల్ చేరి, ఒక దుకాణంలో మేకుల పక్కన దుమ్ముకొట్టుకుపోయి, చివరికి లింబాద్రి చేతిలో పడ్డాను. దగ్గర్లోని చిన్న టౌనులో, బస్టాండు వెనక, లైసెన్సు తీసుకుని వైన్స్ నడిపేవాడతను. మందు దుకాణం షట్టర్‌కు కాపలా అన్నమాట. ఏ బంగారు కొట్టుకో పోతాననుకున్నాను, నా రాత ఇలా ఏడ్చింది.

మిగతా తాళాల కోసం దొంగలు కాచుకుంటారు. నా కోసం మర్యాదస్తులు కాచుకునేవారు. పొద్దున్నే ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని వచ్చి, ఒకరినొకరు చూడనట్టు నటిస్తూ, అందరూ నన్నే చూసేవారు. అంత ప్రేమగా పెళ్లి చూపుల్లో కూడా చూడరు. తెరిచాక మాత్రం నన్ను పట్టించుకున్న నాథుడు లేడు.

ఆ గుంపులో అందరికన్నా ముందుండేవాడు ఓదెలు. లారీ క్లీనరు. నలభై దగ్గర పడుతున్నా క్లీనరే, తాగేవాడి చేతికి స్టీరింగ్ ఎవరిస్తారు? క్లీనర్ల పని మీరు చూసే ఉంటారు. లారీ వెనక్కి వస్తుంటే పక్కన నిలబడి దాన్ని అరచేత్తో కొడుతుంటారు. చిన్న చిన్న దెబ్బలంటే "రానీ, రానీ" అని. చక్రం గోడకు తగలబోతుందనగా ఒక్క పెద్ద దెబ్బ. అంటే ఆపమని. ఓదెలుకు ఆ అలవాటు ఇంటి తలుపు దగ్గరా పోలేదు, నా దగ్గరా పోలేదు. నన్ను పట్టుకుని షట్టర్‌కేసి కొట్టేవాడు. టక్, టక్, టక్, ధన్! "లింబన్నా, జర తియ్యే. చేతులు వణుకుతున్నయ్." నిజంగానే వణికేవి. ఆ పెద్ద దెబ్బలకే నా కుడి చెంప మీద సొట్ట పడింది. వాణ్ణి తిట్టుకోని రోజు లేదు. అయినా ఒక పొద్దున రాకపోతే ఏమైందోనని ఎదురుచూసేదాన్ని.

వైన్స్ లైసెన్సులు లాటరీ తీసి ఇస్తారు. ఆ ఏడు లింబాద్రి పేరు రాలేదు. కొన్నాళ్లు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుని, తర్వాత అదే దుకాణానికి తెల్ల సున్నం కొట్టించి, 'కొత్త వెలుగు వ్యసన విముక్తి కేంద్రం' అని బోర్డు రాయించాడు. నిన్నటిదాకా తాగించినవాడు ఇవాళ మాన్పిస్తానంటే జనం నవ్విపోతారనుకున్నాను. అబ్బే, ఒక్కరూ నవ్వలేదు. "తాగెటోళ్ల సంగతి ఆయనకు తెల్సినట్టు ఇంకెవలికి తెలుస్తది" అన్నారు. సరుకు పెట్టుకునే వెనక గది పెద్ద హాలయింది. దానికి ఇనుప ఊచల గేటు పెట్టించి, నన్ను తెచ్చి తగిలించారు. ఇదివరకు జనాన్ని బయట ఆపేదాన్ని, ఇకమీదట లోపల ఆపమన్నారు. జీతంలేని కొలువు, ఎదురు మాట్లాడే వీలెక్కడిది?

ఆ గేటు దగ్గరికే ఒక రోజు ఓదెలు, అతని భార్య స్వరూప వచ్చారు. స్వరూప గోడు వెళ్లబోసుకుంటుంటే విన్నాను. లారీ అడ్డాలో తాగిన మైకంలో ఓదెలు తోటి క్లీనరు తల పగలగొట్టాడు. వకీలు కోర్టులో, "అలవాటున్న మనిషి కాదండీ, ఆ ఒక్కరోజే తాగాడు" అని వాదించాడు. మొదటి తప్పు కదా అని మేజిస్ట్రేటు జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదిలాడు. రెండు షరతులు. నెలనెలా మొదటి సోమవారం ప్రొబేషన్ అధికారి సుగుణ మేడం ముందు హాజరవ్వాలి. ప్రభుత్వ గుర్తింపున్న చోట తాగుడు మానే కౌన్సెలింగ్ తీసుకోవాలి. ఏది తప్పినా జైలే.

ఆ గుర్తింపున్న చోటు కోసం మొగుడూ పెళ్లాం చెప్పులరిగేలా తిరిగారు. సుగుణ మేడం పెద్దాసుపత్రికి వెళ్లమంది. వెళ్తే డాక్టరు సెలవులో ఉన్నాడు, వచ్చే వారం రమ్మన్నారు. ఆ వచ్చే వారం వెళ్తే మళ్లీ వచ్చే వారం అన్నారు. కరెంటు స్తంభం మీది నంబరుకు ఫోన్ చేస్తే, తెలియకుండా కూరలో కలపమని ఒకడు పొడి అమ్మబోయాడు. బంధువులు మాల వేసుకోమన్నారు. మాల వేసుకుంటే దేవుడు ఒప్పుకుంటాడేమో గానీ కోర్టుకు కాగితం ఎవరిస్తారని స్వరూప దిగులు.

"మీకు గుర్తింపు ఉన్నదా సారూ?" అని ఆమె అడిగింది.

"గోడ మీద సూడమ్మా. సర్కారు ముద్ర."

నేనూ చూశాను. అద్దం కట్టించి పెట్టినది వైన్స్ పాత లైసెన్సు! గుర్తింపేమో నిజమైనదే, కాకపోతే అమ్మడానికి ఇచ్చింది. స్వరూపకు చదువు రాదు. ఓదెలు చదవకుండానే నవ్వాడు. "లింబన్న మనోడేనే. ఈడ నాకు కొత్తేమున్నది?" అంటూ లోపలికి నడిచాడు. నా కొక్కెం టక్కున పడింది.

లోపల వైద్యం ఏమిటంటారా? పొద్దున ఒక గోలీ, సాయంత్రం ఒక గోలీ. రెండూ నిద్రకే. నడుమ లింబాద్రి కుర్చీ వేసుకుని, తాగుడు ఎంత చెడ్డదో ఉపన్యాసం ఇచ్చేవాడు. ఒకప్పుడు సీసాలందించిన చేతిని అదే ఊపులో ఊపుతూ చెప్పేవాడు. అదే కౌన్సెలింగ్. అక్కడివాళ్లు పగలంతా అరుస్తూనే ఉండేవారు, ఏడుస్తూనే ఉండేవారు. ఆ అరుపులకు వీధి కూడా అలవాటుపడిపోయింది.

మొదటి సోమవారం దగ్గరపడింది. ఓదెలు ఊచలు పట్టుకుని బతిమాలాడు.

"అన్నా, నీ కాల్మొక్త. సోమారం మేడం ముంగట నిలవడకపోతే నన్ను జైల్ల ఏస్తరు. ఒక్క గంట తియ్యి."

"నేను ఫోన్ చేసి చెప్తలేరా. బయటికి పోతే నువ్వు తాగుతవ్."

ఫోనూ లేదు, పాడూ లేదు. ఓదెలును మేడం దగ్గరికి పంపితే తన గుట్టు రట్టవుతుందని లింబాద్రి భయం. స్వరూప సద్ది పట్టుకుని వస్తే, "ఇంటోళ్ల మొఖం సూస్తే మనసు చెదుర్తది, మేడంతో నేను మాట్లాడిన" అని గడపలోంచే పంపేశాడు. ఆమె నమ్మింది. సోమవారం వచ్చింది, పోయింది. ఆ రోజంతా ఓదెలు ఊచల్లోంచి చెయ్యి చాపి నన్ను పట్టుకునే ఉన్నాడు. తెరుచుకోవాలని నాకు మాత్రం లేదా? నా కడుపు తెరిచే తాళంచెవి వేరేవాళ్ల జేబులో ఉంటుంది, నేనేం చేయను? ఆ పూట నా పుట్టుక మీద నాకే రోత పుట్టింది.

తర్వాత రెండు మూడు రోజులకు ముందు గదిలో ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. ఓదెలు రాలేదేమని సుగుణ మేడం స్వరూపకు ఫోన్ చేసిందట. కేంద్రం పేరు విని, "అది మా లెక్కలో లేనే లేదు" అంటూ స్వరూపను, ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. లింబాద్రి గేటుకు అడ్డంగా తెర లాగి, భక్తి పాటల గొంతు పెంచి, తాపీగా ఎదురెళ్లాడు.

"ఓదెలా? వాడు గోడ దుంకి పోయిండు మేడం. యాడ్నో తాగి పడ్డడేమో."

స్వరూప గొల్లుమంది. లోపల ఓదెలు గోలీల మత్తులోనే లేచి, "మేడం, నేను ఈడనే ఉన్న" అని అరిచాడు. నాలుక తిరగలేదు. పక్కనున్నవాళ్లూ అరిచారు.

"వినవడ్తుందా మేడం? దినమంత గిదే లొల్లి" అన్నాడు లింబాద్రి.

మేడం వెనుదిరగబోతోంది. అప్పుడు ఒక చెయ్యి ఊచల్లోంచి వచ్చి నన్ను పట్టుకుంది. గేటుకేసి కొట్టింది. టక్, టక్, టక్, ధన్! మళ్లీ. టక్, టక్, టక్, ధన్! అబ్బ, చెంప అదిరిపోయింది. కొట్టరా నాయనా, ఇంకా కొట్టు అనుకున్నాను.

"మేడం! గది మా ఆయనే!" స్వరూప కేక పెట్టింది. "బండిని ఎన్కకు రానిచ్చేటప్పుడు గట్లనే కొడ్తడు. ఇంటికొచ్చినా తలుపు గట్లనే కొడ్తడు!"

సుగుణ మేడం తెర లాగేసింది. తాళంచెవి ఏదంటే లింబాద్రి తనకు తెలియదన్నాడు. కానిస్టేబుల్ సుత్తె తెప్పించాడు. మొదటి దెబ్బకు ఓర్చుకున్నాను, అలీగఢ్ ముసలాయన పరువు కోసం. రెండో దెబ్బకు కొక్కెం ఊడింది. నేనే వదిలేశానని చెప్పుకోవడం నాకిష్టం.

కథ అక్కడ తీరిపోలేదు. హాజరు తప్పాడు కాబట్టి ఓదెలు మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. లింబాద్రి వచ్చి, తమ గేటుకు అసలు తాళమే లేదని, ఓదెలు తన ఇష్టం కొద్దీ తిరిగి తాగాడని, తాళం మేడమూ కానిస్టేబులూ కలిసి ఎక్కణ్ణుంచో తెచ్చారని తడుముకోకుండా చెప్పాడు. సర్కారు వకీలు నన్ను ఓదెలు చేతిలో పెట్టాడు.

"తాళాలన్నీ ఒకలాగే ఉంటాయి. ఇది లింబాద్రిదేనని నువ్వెలా చెప్పగలవు?"

ఓదెలు నా సొట్ట మీద బొటనవేలు ఆనించాడు. వెనక బెంచీ మీద స్వరూప. ఎదురుగా, ఒక్కరోజే తాగాడన్న వకీలు మాట నమ్మి వదిలిన మేజిస్ట్రేటు. నిజం చెబితే పాత అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే జైలు ఖాయం.

"ఈ సొట్ట నాదే సార్."

"గేటు దగ్గర కొట్టినప్పుడు పడిందా?"

"కాదు సార్. గంతకు ముందటిదే. ఈ తాళం మొదలు లింబన్న వైన్స్‌కు ఉండె. దినాం పొద్దుగాల పోయి, తియ్యమని గుద్దేటోణ్ణి. ఒక్కనాడే తాగిన్నని అప్పుడు చెప్పింది అబద్ధం సార్. నేను దినాం తాగేటోణ్ణి. తాగకపోతే చేతులు ఆగకపొయ్యేటియి. స్వరూపకెరుకే. నేనే ఒప్పుకోలే."

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేజిస్ట్రేటు నన్ను తెప్పించుకుని సొట్ట చూశాడు. ప్రొబేషన్ రద్దు కాలేదు. ఓదెలును సుగుణ మేడమే స్వయంగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లి కౌన్సెలింగ్‌లో చేర్పించాలని చెప్పాడు. లింబాద్రి మీద కేసు పెట్టారు. ఆ కేసుకు నేను సాక్ష్యం కాబట్టి, ఊడిన కొక్కెంతో సహా గుడ్డలో చుట్టి, లక్క వేసి, ఈ బీరువాలో పెట్టారు. నేరం చేసినవాడు బెయిలు మీద బయట తిరుగుతున్నాడు.

మొన్నటి వాయిదాకు నన్ను బయటికి తీశారు. సాక్ష్యం చెప్పడానికి ఓదెలు వచ్చాడు. పని అయ్యాక కానిస్టేబుల్ అడిగాడు:

"పెద్దాస్పత్రిల మంచిగ చూస్తున్నరా? తాళం గట్టిదేనా?"

"తాళమే లేదన్నా. తలుపు తీసే ఉంటది. డాక్టర్ సాబ్ అడుగుతడు, నేను చెప్త. నడుమల ఎప్పుడు లేచి పోయినా ఆపెటోడు లేడు. రోడ్డుకు అవతల వైన్స్. ఆడ బెంచీ మీద కూసుంటే గది కనవడ్తనే ఉంటది." ఓదెలు ముఖం తుడుచుకున్నాడు. "లింబన్న గేటే నయమన్నా. అప్పుడు బయటికి పోతే చాలనుకున్న. ఇప్పుడు వారం వారం నా కాళ్లతోని నేనే లోపలికి పోవాలె."

నన్ను అలా చేతిలో ఉంచుకునే, బల్ల అంచు మీద ఒక్కసారి కొట్టాడు. చిన్న దెబ్బలేవీ లేవు. ఒకటే, పెద్దది. కానిస్టేబుల్ ఉలిక్కిపడ్డాడు.

"ఏం లేదన్నా, అలవాటు" అని ఓదెలు నన్ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నన్ను మళ్లీ బీరువాలో పెట్టి తలుపు వేశారు. కోర్టు గేటు దాటితే కుడివైపు ఆసుపత్రికి పోయే బస్సు ఆగుతుంది. ఎడమవైపు వైన్స్. ఓదెలు ఎటు వెళ్లాడో చూద్దామంటే నాకు ఇక్కడ చీకటి తప్ప ఏమీ కనిపించదు. వచ్చే వాయిదాకు నన్ను మళ్లీ ఆ చేతిలో పెడతారు, అప్పుడు తెలుస్తుంది. మొన్నటికి మాత్రం ఆ చెయ్యి వణకలేదు.