మబ్బు దాటిన జీపు

కొండ మీద వాన కొలిచే యంత్రం కొన్నాళ్ళుగా ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. దాన్ని బాగుచేసే మెకానిక్కు వదిన. ఆ ఉదయం జీపులో ఆమె పక్కన మరదలు కూడా ఎక్కింది. మరదలికి బట్టలు కుట్టే దుకాణం. "సూది బెజ్జం తప్ప ఇంకేం చూడట్లేదు, ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళు వదినా" అని ప్రాణం తోడేసింది మరి.

తారురోడ్డు అయిపోయింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేలా వదిన చిన్న గేరు మార్చింది. ఇంజను గొంతు బరువెక్కింది. ఎదురుగా ఉన్నవన్నీ బండరాళ్ళే.

"ఇదా దారి?"

"ఇదే. గట్టిగా పట్టుకో."

జీపు నత్తలా పాకింది. ఒకచోట ముందు చక్రం గాలిలోకి లేచింది. మరదలు కళ్ళు మూసుకుంది.

"నీకేమన్నా అయితే మీ అన్నయ్య నన్ను ఇంట్లోకి రానివ్వడే" అని నవ్వుతూనే వదిన పెడల్ మీద పాదం కదలనివ్వలేదు. చక్రం మెల్లగా నేల వెతుక్కుంది.

మలుపు తిరిగేసరికి మబ్బు కమ్మేసింది. కుడివైపు గోడలాంటి కొండ, ఎడమవైపు ఉత్త తెలుపు.

"దిగి ముందు నడువమ్మాయ్. నువ్వు చెయ్యెటు ఊపితే అటు తిప్పుతాను."

"నేనా? నాకు సైకిలే రాదు!"

"అంచు తప్పకుండా కుట్టడం వచ్చుగా. ఇదీ అంతే."

మరదలు తడిరాయిని తడుముకుంటూ నడిచింది. "కుడికి... ఇంకాస్త... చాలు, చాలు!" వెనక చక్రం కింద నుంచి ఓ రాయి జారి అంచు దాటింది. అది ఎక్కడో పడ్డ చప్పుడు కోసం ఇద్దరూ చెవులు రిక్కించారు. రాలేదు.

ఇంకాస్త పైకెక్కాక ఉన్నట్టుండి ఎండ. వదిన ఇంజను ఆపి దిగింది. కనుచూపు మేరా మబ్బుల సముద్రం, అక్కడక్కడా దీవుల్లా శిఖరాలు. మబ్బు ఓచోట విడిపోయి, నిలువు కొండకు అతికించిన దారంలా వాళ్ళొచ్చిన దారి కనిపించింది.

"మనం దాని మీదే వచ్చామా?"

వదిన అంచు దాకా వచ్చి కిందికి తొంగిచూసింది. "ఇన్నిసార్లు వచ్చాను, ఇలా ఎప్పుడూ చూడలేదే" అంది.

వెనక నుంచి పడుతున్న ఎండకు ఇద్దరి నీడలూ మబ్బు మీద పరుచుకున్నాయి.

"వదినా, నా నీడ తల చుట్టూ ఇంద్రధనుస్సు!"

"నీ తల చుట్టూ ఎక్కడే? నా తల చుట్టూ ఉంటేను!"

ఎవరి వలయం వాళ్ళకే కనబడుతోందని అర్థమయ్యాక, వాదన మానేసి అలాగే నిలబడిపోయారు.

చివరికి యంత్రం దగ్గరికి చేరి చూస్తే, దాని మూతిలో ఎండుగడ్డి ఇరుక్కుని ఉంది. వదిన దాన్ని తీసి శుభ్రం చేస్తున్నంతసేపూ ఇద్దరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. ఎందుకో, గొంతెత్తబుద్ధి కాలేదు.