గేటు బయట మాట

కిరణ్మయి వదిన వెళ్లిపోయాక కూడా నేను మంచం మీద గోడవైపు సగంలోనే పడుకుంటున్నాను. అవతలి సగం ఆమెది. చదువుకోసం పలాస దగ్గరి మా పల్లె నుంచి నేను ఖరగ్‌పూర్‌లో మామయ్య ఇంటికి వచ్చాను. ఈ ఇంటి పిల్ల వదినేమో ఇప్పుడు మా పల్లెలో, మా అమ్మ దగ్గర ఉంది.

మామయ్య నూకయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. మధ్యాహ్నం సైరన్ మోగాక అక్కడ గేటు బయట మీటింగు జరుగుతుంది. కష్టం ఉన్నవాళ్లు స్టూలెక్కి, ఆఫీసర్ పేరు పెట్టి మరీ చెప్తారు. మామయ్యకి క్యారేజీ తీసుకెళ్తూ వదిన అవన్నీ వింటూ పెరిగింది. గేటు లోపల రైల్వేది, గేటు బయట మనది అని మామయ్య ఎప్పుడూ అంటాడు.

మా కాలేజీ ల్యాబులో ఒక సార్ మైక్రోస్కోపు చూపిస్తానంటూ నా చెయ్యి పట్టుకుని వదిలేవాడు కాదు. మీ తెలుగు పిల్లలు నోరు విప్పరులే అని హిందీలో అంటూ నవ్వేవాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, అదే కాలేజీలో చదివే వదినకి చెప్పాను. ఆమె నా పేరు చెప్పలేదు. ఆయన పేరే చెప్పింది, కాలేజీ గేటు బయట, టీకొట్టు స్టూలెక్కి.

కాలేజీ గేటు వర్క్‌షాపు గేటులాంటిది కాదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అనుమతి లేకుండా దాని ముందు మీటింగు పెట్టకూడదట. ఫిర్యాదు కాలేజీ కమిటీకే, గుట్టుగా ఇవ్వాలట. విచారణ అయ్యేదాకా వదినని రావద్దన్నారు. ఫిర్యాదు చేసే మనిషే లేక విచారణ మొదలవలేదు. ఇరుగుపొరుగు మాటలు పడలేక వాళ్లమ్మ రత్నం అత్తే వదినని మా ఊరు పంపేసింది.

పూరీ గేట్ దగ్గర టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కితే ఇప్పటికీ పక్కన చోటు వదిలి కూర్చుంటాను. సర్దుకోమని డ్రైవర్ దాదా విసుక్కుంటాడు. బేరమాడేది వదిన, ఆమె వెనక నిలబడేది నేను. ఇప్పుడు అడిగినంతా ఇచ్చేస్తున్నాను.

ఒక ఉదయం మామయ్య సైకిల్ తుడుస్తుంటే, ఆ సార్ చెయ్యి పట్టుకున్న పిల్లని నేనేనని చెప్పేశాను. ఆయన చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. తిట్టలేదు.

"స్టూలెక్కితే ముందు పేరు సెప్తాం. వర్క్‌షాపులో ఏ షాపో సెప్తాం. ఆ తరవాతే మన కట్టం సెప్తాం. ఆ వరసలో సెప్పమ్మా, గొంతు అదే వస్తాది."

కమిటీలో ఒక దీదీ మంచినీళ్లిచ్చింది. పేరు, క్లాసు హిందీలో చెప్పాను. అక్కడ ఆగిపోయాను. మిగతాదంతా తెలుగులో చెప్పేశాను. వాళ్లు వింటూ కూర్చున్నారు. తర్వాత ఒక్కో ముక్కా హిందీలో అడిగి రాసుకున్నారు. విచారణ మొదలుపెడతామన్నారు. వదిన రూలు తప్పింది కాబట్టి ఆమె సంగతి వేరేగా చూస్తామన్నారు. ఆమె చెప్పింది నా మాటేనని, అది కూడా రాయమని అడిగాను. రాశారు.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది.

"ఒలే మీనా, నీకూ స్టూలేసినారేటి?"

"కుర్సీ ఏసినారు."

"నీ నోటితోనే సెప్పినావా?"

"నీ పేరు కూడా సెప్పినాను వదినా."

ఫోన్లో ఆమె వెనక మా అమ్మ కోళ్లని గూట్లోకి తోలుతున్న చప్పుడు వినిపించింది. నాకు అక్కడికి వెళ్లాలనిపించింది, వదిన ఇక్కడికి రావాలనీ అనిపించింది.

మంచం మీద తన వైపు ఏమైనా పెట్టేశావా అని అడిగింది. లేదు, పుస్తకాలు కూడా పెట్టలేదన్నాను.