ఎదువీనా అనని మాటలు

"ధన్యవాదాలు డాక్టరుగారూ, మీ శ్రమకు నేనెంతో రుణపడి ఉన్నాను" అంది యంత్రం.

ఎదువీనా అన్నది అది కాదు. "నీ మొహం మండా, నా తల జోలికి రాకు" అని ఆమె అంది.

వల్పరాయిసో రేవులో ఏళ్ల తరబడి రెయినేతా చేపలు అమ్మిన మనిషి. బేరమాడి కొనకుండా పోయేవాణ్ణి కొండెక్కే ట్రాము దాకా తిట్టి సాగనంపిన నోరు. పక్షవాతం వచ్చి ఆ నోరు పడిపోయింది. కాళ్లూ చేతులూ పోయాయి. కళ్లు మిగిలాయి, మెడ కాస్త మిగిలింది. అప్పుడు విశ్వవిద్యాలయం వాళ్లొచ్చారు. మెదడు మీద చిన్న పలక పెడతాం, నువ్వు మాట్లాడాలనుకోగానే పుట్టే సంకేతాల్ని కంప్యూటరు చదివి పైకి చెబుతుంది అన్నారు. హమ్మయ్య, మళ్లీ తిట్టొచ్చని ఎదువీనా కళ్లతోనే సరేనంది.

పలక పెట్టాక మూర్ఛలు పట్టుకున్నాయి. వచ్చినప్పుడల్లా నాలుక కొరుక్కుని దిండు నెత్తురు చేసుకునేది. ఇప్పుడు డాక్టర్ లర్రాగిబెల్ రెండోవైపు ఇంకా పెద్ద పలక పెడతానంటున్నాడు. ఇవాళ ఇలాంటి ప్రయోగాలకు అనుమతులిచ్చే విచారణ సంఘం ముందు ఆమె ఒప్పుకుంటే చాలు, వచ్చే వారమే ఆపరేషన్.

ఆమె ఒప్పుకోదు. చచ్చినా ఒప్పుకోదు. కానీ ఆ మాట బయటపడాలంటే ఈ దిక్కుమాలిన యంత్రం దయతలచాలి.

ఆమె సంకేతాలు మసకగా ఉంటాయట. అందుకని బోలెడన్ని పుస్తకాలు చదివించిన కృత్రిమ మేధ ఒకదాన్ని జతచేశారు. తెలియనిచోట అది ఊహించి పూరిస్తుంది. ఊహ బాగా కుదరాలని ఎదుటివాళ్లు అడిగే ప్రశ్న కూడా దానికి వినిపించారు. ఆపైన మంత్రిగారు చూడ్డానికొస్తున్నారని తిట్లకు ఒక జల్లెడ తగిలించారు. ఎదువీనా మాటల్లోంచి తిట్లు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? మిగిలిన ఖాళీనంతా యంత్రం మర్యాదతో నింపింది. చూసి చదవమని ఇచ్చిన వాక్యాల్ని మాత్రం చక్కగా అప్పజెప్పేది. యంత్రం ఎంత సరిగ్గా చెబుతోందో వాటి మీదే లెక్కలు కట్టుకుని లర్రాగిబెల్ సభల్లో చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇదంతా వాళ్లు ఆమె ఎదుటే మాట్లాడుకున్నారు, మనిషి వింటోందన్న ఇంగితం లేకుండా.

"మా అక్క వద్దంటోంది డాక్టరూ" అంది చెల్లెలు నోల్ఫా. "దాని కళ్లు నాకు తెలీవా? బుద్ధెరిగాక ఒక్కరికైనా ధన్యవాదాలు చెప్పిన మనిషా అది?"

"అది మీ ప్రేమ నోల్ఫాగారూ. కళ్లలో మీకు కావలసింది మీరు చదువుకుంటున్నారు. యంత్రానికి ప్రేమా లేదు, పక్షపాతమూ లేదు."

"సిగ్గు కూడా లేదు."

సంఘం పెద్ద కిరోస్‌గారు కళ్లజోడు సర్దుకుని యంత్రం తెరవైపు తిరిగింది. మనిషివైపు కాదు, తెరవైపు. "ఎదువీనాగారూ, రెండో ఆపరేషనుకు మీరు ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నారా?"

ఎదువీనా తిట్లన్నీ దిగమింగింది. ఆమెకి అంతకన్నా కష్టమైన పని లోకంలో లేదు. ఉన్న బలమంతా కూడగట్టి ఒక్క మాటే అంది: వద్దు.

"అవునండీ, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. సైన్సుకు ఉపయోగపడటం నా అదృష్టం" అంది యంత్రం.

లర్రాగిబెల్ చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి ఎదువీనాకి ఒళ్లు భగ్గుమంది. నా నోరు పోయింది సరే, నా నోట్లో నీ మాటలు కుక్కుతావట్రా, సచ్చినోడా!

నడినెత్తి మీది నుంచి యంత్రానికి వెళ్లే తీగ ఒకటి కుర్చీ వెనక్కి దిగుతుంది. ఎదువీనా మెడ తిప్పింది. తీగ తలకీ కుర్చీకీ మధ్య ఇరుక్కుంది. లాగింది, రాలేదు. నరాలు తెగిపోతున్నంత నొప్పి. ఇంకోసారి పళ్లు బిగించి ఈడ్చింది. టప్పున ఊడి, తీగ భుజం మీదుగా ఒళ్లో పడింది. ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ తెర మీదే ఉన్నాయి.

"మిమ్మల్నెవరైనా బలవంతపెట్టారా?" కిరోస్‌గారు అడిగింది.

"అయ్యో, లేదండీ. అందరూ నన్ను కన్నబిడ్డలా చూసుకుంటున్నారు."

నోల్ఫా అప్పుడు చూసింది. వంగి ఆ తీగ కొన పట్టుకుని పైకెత్తింది. "డాక్టరూ, ఇదేంటి? ఇది మా అక్క తలలో ఉండాల్సింది కదూ?"

లర్రాగిబెల్ గబగబా అందుకున్నాడు. "ఇప్పుడే ఊడినట్టుంది. అంతకుముందు సంకేతమేదో కాస్త మిగిలిపోయి..."

కిరోస్‌గారు చెయ్యెత్తి అతన్ని ఆపింది. తీగవంక చూసింది, తెరవంక చూసింది. "ఎదువీనాగారూ, మాట్లాడుతున్నది మీరేనా?"

"అవునండీ, నేనే" అంది యంత్రం.

కిరోస్‌గారు లేచి తెర ఆపించింది. కుర్చీ లాక్కుని మోకాళ్లు తగిలేంత దగ్గరగా ఎదువీనా ఎదురుగా కూర్చుంది. "అమ్మా, ఇందాకటి నుంచీ నీతోనే మాట్లాడాల్సింది, తప్పయిపోయింది. ఆపరేషన్ వద్దంటే కళ్లు మూసుకో."

ఎదువీనా కళ్లు మూసుకుంది. రెప్పలు నొప్పెట్టేలా, నుదురంతా ముడతలు పడేలా మూసుకుంది. లోపల లర్రాగిబెల్ని, వాడి జల్లెడని, యంత్రాన్ని చూడ్డానికొచ్చిన మంత్రిని పేరుపేరునా తిట్టింది, ఒక్కటి కూడా మిగల్చకుండా.

"ఇంక తెరువక్కా" నోల్ఫా ఏడుస్తూ బుగ్గ నిమిరింది. "వాళ్లకి అర్థమైందే."

ఎదువీనా తెరవలేదు. అర్థమైతే సరిపోదు, వాళ్లు బాగా సిగ్గుపడేదాకా మూసే ఉంచుదామనుకుంది.