సగం సర్దుకున్నాను

పెద్దరికం చేసిన అన్యాయాలన్నీ ఒక ఎత్తు, కూతుర్ని తెచ్చి తమ్ముడి దుకాణం ముందు దించేసి పోవడం ఒక్కటీ ఒక ఎత్తు. పెద్దరికం అంటే సాక్షాత్తూ ఆ తమ్ముడి సొంత అన్న. పుట్టిన దగ్గర్నుంచీ పెద్దరికం చెయ్యడం తప్ప మరో పని ఎరగడని చుట్టాలు పెట్టిన పేరు. చిన్నప్పుడు ఇంట్లో ఒక్కడి చదువుకే తాహతుంటే, ఆ ఒక్కడూ తనేనని తేల్చేసుకుని, ఏడో క్లాసులో ఉన్న తమ్ముడి భుజం మీద చెయ్యేసి "నువ్వు కాస్త సర్దుకోరా" అన్నాడు. తమ్ముడు సర్దుకున్నాడు. కుర్చీలు బాగుచేసే కొట్లో పనికి కుదిరి, సుత్తి పట్టుకుని, పెళ్ళి సంబంధాలు రెండు మూడు చెడిపోయాక ఆ సంగతి కూడా సర్దుకుని, ఈ పెద్ద ఊళ్ళో చిన్న దుకాణం పెట్టుకుని తన మానాన తను బతుకుతుంటే, మళ్ళీ దిగాడు పెద్దరికం. పిల్ల డిగ్రీ పాసైందట, ఈ ఊళ్ళోనే ఉద్యోగమట, బాబాయి ఉండగా బయటి కొంప ఎందుకట. కాస్త సర్దుకోమని చెప్పి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి బస్సెక్కేశాడు.

వీధిలో అందరికీ అతను సోఫాలాయన. ఆ పిల్లకి బాబాయి. మనకీ బాబాయే అనుకుందాం. పిల్లని ఇంటిల్లిపాదీ పిడుగంటారు.

ముందు దుకాణం, వెనక ఒక గది, గదిలో ఓ మూల పొయ్యి, ఓ మూల మంచం. గది పిల్లకిచ్చేసి బాబాయి దుకాణంలోకి మారాడు. బాగుచెయ్యడానికి వచ్చిన సోఫాల మీదే పడక. ఒక రోజు జమీందారులా మెత్తగా, ఒక రోజు నడుంలోకి స్ప్రింగులు పొడుచుకుంటూ. ఉన్న ఒక్క బీరువా నిండా రెక్సిన్ ముక్కలూ గుడ్డల నమూనాలూ. అందుకని పిల్ల బట్టలు సూట్‌కేసులోంచి బయటికి రాలేదు. మంచం పక్కన నేల మీద అది నోరు తెరుచుకుని ఉండేది. కావలసింది తీసుకోవడం, ఉతికింది మళ్ళీ అందులోనే పెట్టుకోవడం.

ఉద్యోగం లిఫ్టుల కంపెనీలో, ఫోను దగ్గర. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయి జనం ఇరుక్కుంటే, లోపలున్న మీట నొక్కగానే పిడుగు బల్ల మీద ఫోను మోగుతుంది. మెకానిక్కు వెళ్ళేదాకా వాళ్ళని మాటల్లో పెట్టాలి. దానికి ఒక గొంతుండాలట. ఆ గొంతు కోసం ఇంట్లో సాధన చేసేది. ఉల్లిపాయలు తరుగుతూ, "కంగారు పడకండి, నేను లైన్లోనే ఉన్నాను, మెల్లగా ఊపిరి తీసుకోండి" అని గోడకి చెప్పేది. ఒకసారి బాబాయి సుత్తితో వేలు చితక్కొట్టుకుని నానా తిట్లూ తిడుతుంటే వెనక నుంచి అదే గొంతు వినిపించింది.

"సార్, మీరు ఏ అంతస్తులో ఉన్నారు?"

"పాతాళంలో ఉన్నానే. మీ నాన్న దించేసి పోయాడు."

పక్క షాపులో తాళాలు చేసే ఆయనకి బాబాయి రోజూ తన కష్టాలు ఏకరువు పెట్టేవాడు. తడి తువ్వాలు కొత్త రెక్సిన్ మీద ఆరేస్తుందని, తూము నిండా జుట్టేనని, ఒక్క ప్లగ్గు ఉంటే దానికి పొద్దస్తమానం ఫోనే వేలాడుతుందని. అంత బాధైతే హాస్టల్లో పడెయ్యరాదా అని తాళాలాయన అంటే మాత్రం, హాస్టల్ తిండి మనుషులు తింటారా అని కస్సుమనేవాడు. మరి సాయంత్రం ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా, తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడుస్తూ గుమ్మంలో ఎందుకు నిలబడతావని అడిగితే మేకుల డబ్బా అందుకునేవాడు. చిన్న మేకులు నోట్లో పెట్టుకుని పనిచేసే మనిషి. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు ఇంకో నాలుగు మేకులు నోట్లో వేసుకునేవాడు.

ఒక గురువారం సాయంత్రం స్పాంజికి జిగురు రాస్తున్నాడు. వెనక గదిలో పిడుగు తండ్రితో ఫోన్లో మాట్లాడుతోంది. తలుపు ఓరగా ఉంది. వినాలని వినలేదు, అలాగని చెవులూ మూసుకోలేదు.

"సగం సర్దుకున్నాను నాన్నా. మిగతా సగం కూడా సర్దుకుంటాను, నువ్వు దిగులు పెట్టుకోకు. బాబాయికి మాత్రం చెప్పకు. బాధపడతాడు."

చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది. జిగురు కారి చెప్పు మీద పడింది. పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు గదిలోకి తొంగిచూశాడు. సూట్‌కేసు సగం నిండి ఉంది. రోజూ అలాగే ఉంటుంది, కానీ రోజూ అతను ఆ కళ్ళతో చూడలేదు.

వెళ్ళిపోతోందన్నమాట. వెళ్ళక ఏం చేస్తుంది. జిగురు కంపు, నిద్ర లేచేసరికి సుత్తి చప్పుడు, పొద్దున లేస్తే ముఖం ముడుచుకున్న బాబాయి. చదువుకున్న పిల్ల. దాని బట్టలు పెట్టుకోవడానికి ఒక అర కూడా ఇవ్వని కొంప ఇది. ఉండమని అడగొచ్చు, నోరైతే ఉంది. కానీ ఒకరిని ఉండమని అడగడం అతనికి రాని విద్య. ఇన్నేళ్ళూ రానివాటికల్లా అన్ననే తిట్టుకున్నాడు. దీనికి ఎవర్ని తిట్టుకోవాలో తోచలేదు.

మర్నాడు ఎవరో డాక్టరమ్మ మనుషులు బాగుచెయ్యమని పెద్ద మూల సోఫా పట్టుకొచ్చారు. గోడ పొడవునా వచ్చి మలుపు తిరిగే రకం. అలాంటి పని మళ్ళీ ఎప్పటికో గానీ దొరకదు. బాబాయి దాని చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో నిమిరి, పెట్టడానికి చోటు లేదని తిప్పి పంపేశాడు. దుకాణం ఖాళీగానే ఉంది కదయ్యా అని తాళాలాయన ఆశ్చర్యపోయాడు. బాబాయి మేకులు నోట్లో వేసుకున్నాడు.

శనివారం పిడుగు పనిలోకి వెళ్ళగానే ప్లైవుడ్ దిగింది. దుకాణంలో వీధివైపు కిటికీ ఉన్న చోటు, అంటే వచ్చేపోయేవాళ్ళకి సరుకు కనబడే చోటు, అడ్డగోడతో వేరు చేశాడు. లోపల గోడకి అరలు కొట్టాడు. ఎవరైనా గొప్పవాళ్ళ సోఫాకి పనికొస్తుందని దాచిన మంచి స్పాంజితో పరుపు కుట్టాడు. ఒక ప్లగ్గు ప్రత్యేకంగా పెట్టించాడు. తాళాలాయన తలుపుకి గడియ బిగిస్తూ, అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చెయ్యరని ఎత్తిపొడిచాడు. గడియ లోపలి వైపు పెట్టు, ఆడపిల్ల గది అన్నాడు బాబాయి.

సాయంత్రం పిడుగు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. బాబాయి చివరి అర బిగిస్తున్నాడు, నోటి నిండా మేకులు.

"ఇదేంటి బాబాయ్? దుకాణం ఏమైంది?"

మేకులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు. చెప్పదలుచుకున్నది వేరు, నోట్లోంచి వచ్చింది వేరు.

"సగం ఎలాగూ సర్దుకున్నావుగా. మిగతా సగం ఇందులో సర్దు. నచ్చకపోతే అప్పుడే పోదువుగాని."

"నేనెక్కడికి పోతాను?"

"నాకేం తెలుసు. మీ నాన్నకి చెప్పావుగా, బాబాయికి చెప్పొద్దని కూడా చెప్పావుగా."

పిడుగు అతని ముఖంలోకి చూసింది. తర్వాత, అర్థమై, చేతిసంచీ కింద పెట్టి పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ వారంలో ఒక ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుని ఫోను చేసిందట. ఆవిడ ఏడుస్తుంటే, గోడకి చెప్పుకున్న గొంతంతా ఎగిరిపోయి, పిడుగూ ఏడ్చేసిందట. ఫోను పక్కమ్మాయికిచ్చేసి బయటికి పరిగెత్తిందట. మేనేజరు నలుగురిలో చీవాట్లు పెట్టాడట. ఈ ఉద్యోగం నావల్ల కాదేమో నాన్నా అని మొదలుపెట్టి, సర్దుకుంటానులే అని ముగించిందట. అంతే.

"పెట్టె సర్దుకోవడం కాదు బాబాయ్. నేను, నేను సర్దుకుంటున్నాను."

బాబాయి పరుపు మీద కూలబడ్డాడు. ఎంత పొరపాటు పడ్డాడో చెప్పుకోలేక, చదువుకున్నవాళ్ళు మాట తిన్నగా మాట్లాడి చస్తేగా అని గొణిగాడు. తర్వాత అడిగాడు.

"ఆ ముసలావిడ బయటపడిందా?"

"పడింది. మర్నాడు ఫోను చేసి, నిన్న నాతో పాటు ఏడ్చిన పిల్ల ఉందా అని అడిగింది. బాగానే మాట్లాడాను."

"ఇంకేం మరి. వచ్చేసినట్టే గొంతు."

పిడుగు కొత్త గోడ మీద వేలితో తట్టింది. "నేను వెళ్ళట్లేదుగా. ఇక ఇది పీకేస్తావా? నీ సోఫాలెక్కడ పెట్టుకుంటావు?"

బాబాయి ఆ గోడ వంక చూశాడు. ఈసారి నోట్లో మేకులు లేవు.

"వద్దులే. నువ్వు ఉండు," అన్నాడు.

పిడుగు సూట్‌కేసు ఈడ్చుకొచ్చి, ఒక్కో బట్టా తీసి అరల్లో పెట్టుకుంది. అర కాస్త వంకరగా ఉందని ఒక మాట కూడా అంది. అద్దె మాత్రం దుకాణం మొత్తానికీ కడుతూనే ఉన్నాడు బాబాయి. ఆ శనివారం అతను పోగొట్టుకున్నది వీధి ముఖం ఉన్న చోటు, పొడవు పదకొండడుగులు, వెడల్పు ఏడడుగులు, వెరసి డెబ్బయి ఏడు చదరపు అడుగులు.